ఇంటికాడి పనికి కూలి లెక్క ఎవరు రాస్తారు?

(ఆదోనిలో వాడల అక్కచెల్లెళ్ల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం "ఇంటి పట్టున ఉండి నాలుగు రూపాయలు ఎట్ల సంపాదించుకోవాల" అని. ఈ మాట మనకు కొత్తది కాదు. 1982లో డ్వాక్రా పథకం మొదలైన కాడి నుంచి వచ్చిన ప్రతి ఆఫీసరూ ఇదే చెప్పినాడు. అప్పడాలు ఒత్తండి, ఊరగాయ పెట్టండి, అగరబత్తీలు చుట్టండి, కుట్టు మిషను నేర్చుకోండి అన్నారు. ఇప్పుడు ఆఫీసరు రావాల్సిన పని కూడా లేదు, చేతిలో ఉండే సెల్‌ఫోనే పొద్దస్తమానం చెప్తాంది. చెప్పేవాళ్లు ఎవరైనా గానీ ఒక మాట మాత్రం తప్పకుండా వాడతారు. "మీకుండే ఖాళీ టైములో" అంటారు.

ఆ ఖాళీ టైము యాడుందో నాకు చూపించండి. కోడి కూయక ముందు లేసి నీళ్లకు పోతాము. జొన్న రొట్టెలు తట్టి, పిల్లోళ్లకు ఇంత పెట్టి, పత్తి విడిపించే కాలమైతే ఆటో ఎక్కి చేన్లకు పోతాము. ఎంత విడిపిస్తే అంత, కిలో లెక్కన కూలి. పొద్దు గూకినాక వచ్చి మళ్లా పొయ్యి ముట్టించాల. వీళ్లు ఖాళీ టైము అనేది మన నిద్ర. నిద్రలో నుంచి రెండు గంటలు కోసి, దాన్ని అమ్ముకోమని చెప్తాండారు. ముందు ఈ సంగతి ఒప్పుకొని, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

అట్లని నేను ఇంటి పనికి అడ్డం చెప్పేదానికి రాలేదు. ఎందుకు రాలేదో చెప్తా. మన కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, హొళగుంద, మంత్రాలయం దిక్కు ఊర్లు మీకు తెలుసు. పంట చేతికి రాకపోతే, వచ్చిన పత్తి అయిపోతే, సుగ్గికి పోవాల్సిందే. గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి లారీలెక్కి పోతాము, బెంగళూరు, హైదరాబాదు కట్టడాల పనికి పోతాము. ఇంటికి తాళం వేసి ముసలోళ్లను అరుగు మీద వదిలిపెట్టి పోతాము. పిల్లోళ్లను వెంట తీసకపోతాము. ఆ పిల్లోడు బడి మొఖం చూడక మూడు నాలుగు నెలలు గడుస్తాయి. తిరిగొచ్చేసరికి పరీక్షల కాలం. అయిదో తరగతిలో ఒకసారి, ఏడులో ఒకసారి ఇట్ల అయితే ఆ పిల్లోడు ఇంక పలక పట్టడు, మిరప సంచి పడతాడు. అందుకని ఊరు వదలకుండా ఆ మూడు నాలుగు నెలలు గడిచే దారి ఏదైనా ఉంటే దాన్ని కాదనే హక్కు నాకు లేదు. నేను అడిగేది ఏ పని, ఎవరి కోసం, ఏ రేటుకు, ఆ రేటు ఎవరు రాసిపెట్టుకుంటారు అని.

ఒక లెక్క వేసి చూపిస్తా. ఇది చెప్పడానికి వేసే లెక్క, మీ ఊర్లో రేటు మీరు పెట్టుకోండి. మండీ సావుకారి దగ్గర నుంచి ఏజెంటు చింతపండు బస్తా తెచ్చి నీ ఇంట్లో దించినాడు. గింజ తీసి ఇవ్వాల. కిలోకు పది రూపాయలు అనుకుందాం. పొద్దన్నుంచి రాత్రి దాకా పదిహేను కిలోలు కొట్టినావు. నూట యాభై రూపాయలు వచ్చినాయి. "ఇంట్లో కూర్చొని నూట యాభై" అని సంబరపడతాము. కానీ చేసింది ఎవరు? నువ్వు ఆరు గంటలు చేసినావు. మీ అత్త ఆరు గంటలు చేసింది. బడి నుంచి వచ్చిన పిల్ల పుస్తకం పక్కన పెట్టి మూడు గంటలు చేసింది. మొత్తం పదిహేను గంటలు. అంటే గంటకు పది రూపాయలు. ఎనిమిది గంటల దినం కూలి ఎనభై రూపాయలు. చేన్లో ఎనభైకి రమ్మంటే నువ్వు పోతావా? పోవు, నలుగురిలో నిలబడి అడుగుతావు. ఇంట్లో మాత్రం అడగవు. ఎందుకంటే చేన్లో పదిమంది ఉంటారు, ఇంట్లో నువ్వు ఒక్కదానివే.

ఇంకా చూడండి. ఆ బస్తా దించిన జాగా నీది, బాడిగ లేదు. లైటు నీది, కరెంటు బిల్లు నీది. చాట నీది, కత్తి నీది. వాన పడి సరుకు తడిస్తే నష్టం నీది. వేలు తెగితే మందు ఖర్చు నీది. ఫ్యాక్టరీ పెడితే సావుకారి పెట్టుకోవాల్సిన ఖర్చంతా నీ గుడిసె మోస్తాంది. దీన్నే వాళ్లు "మహిళలకు సౌకర్యం" అంటారు.

బాబాసాహెబ్ అంబేద్కర్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసినారు. ఆ కాలంలోనే, 1946లో, ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి వారానికి 48 గంటల పని అని పెట్టినారు. మనం ప్రతి ఏప్రిల్ 14న ఈ సంగతి చెప్పుకుంటాము, మంచిదే. అయితే ఆ 48 గంటలు ఫ్యాక్టరీ గేటు దాకానే వచ్చి ఆగినాయి. మన వాకిలి దాటి లోపలికి రాలేదు. మన ఇంట్లో గడియారం లేదు, సైరను లేదు, ఆదివారం లేదు.

ఇప్పుడు ఎమ్మిగనూరు దిక్కు చూద్దాం. ఇంటినే పని చోటు చేసుకొని బతికిన జనం మన పక్కనే ఉన్నారు కదా, మగ్గం వాళ్లు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం పెట్టినారు. అంతకు ముందు నేతగాడు నూలు కోసం సావుకారి దగ్గరికే పోవాల, నేసిన బట్ట ఆ సావుకారికే ఇవ్వాల, రేటు ఆ సావుకారే చెప్పాల. సంఘం వచ్చినాక నూలు సంఘమే ఇచ్చింది, బట్ట సంఘమే తీసుకుంది. ఇంట్లో మగ్గం ఒక్కటే, మనిషి ఒక్కడే, అయినా బేరం చేసేటప్పుడు ఒక్కడు కాదు. తర్వాత మరమగ్గాల దెబ్బకు చేనేత ఎంత చితికిందో మనకు తెలిసిందే. కానీ ఆ ఊరి పేరు బట్టకు ఎట్ల అతుక్కుందో ఆలోచించండి. అది ఒక్కొక్క ఇంటి గొప్ప కాదు, కలిసి అమ్మినందుకు వచ్చిన పేరు.

ఆ మగ్గం ఇంట్లోనే ఇంకో సంగతి దాగుంది. నేసేవాడు మగ్గం గుంటలో కూర్చుంటాడు, కూలి ఆయన పేరు మీద పడుతుంది. రాట్నం తిప్పి కండెలు చుట్టేది ఎవరు? నూలు చిక్కు తీసేది, గంజి పెట్టేటప్పుడు ఆ కొస పట్టుకునేది ఎవరు? ఆడమనిషి, ఇంట్లో పిల్లలు. వాళ్లకు వేరే కూలి లేదు. 2019–20లో కేంద్ర ప్రభుత్వం చేసిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైన చేనేత పనివాళ్లు లెక్కకు వచ్చినారు. అందులో నూటికి 72 మంది ఆడవాళ్లే. "నేతన్న" అని పాటలు కట్టినారు గానీ "నేతక్క" అని ఎవరన్నా అన్నారా?

మన ఇండ్లలో కూడా మగ్గాలుండేవి. మాలవాడల్లో ముతక బట్ట నేసేవాళ్లు. మాదిగవాడల్లో తోలు ఊనేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, మోట బావికి తోలు బాన చేసేవాళ్లు. అవన్నీ ఇంటికాడి పనులే. ఎవరూ వాటిని "అదనపు ఆదాయం" అనలేదు, కులవృత్తి అన్నారు. గింజలు కల్లంలో ఏడాదికొకసారి, అదీ వాళ్ల బుద్ధి పుట్టినంత. మిల్లు బట్ట వచ్చి మగ్గం పోయింది, కరెంటు మోటారు వచ్చి మోట పోయింది. పనితనం మన చేతిలో ఉన్నా ముడి సరుకూ బజారూ మన చేతిలో లేవు. ఈ సంగతి మరిచిపోయి రేపు ఇంకో పని నేర్చుకున్నా అదే గతి.

బజారు సంగతికి వస్తా. ఇక్కడ కొంచెం నిదానించాల. ఎందుకంటే పై నుంచి వచ్చే సలహాల్లో ఇది ఎప్పుడూ ఉండదు.

ఊర్లో రెడ్డి ఇంటి కోడలు ఊరగాయ పెట్టి అమ్మితే "చేతి రుచి" అంటారు. మన చెల్లెలు అదే మామిడికాయ, అదే కారం, అదే నూనె వేసి పెడితే ఊర్లో ఎవరు కొంటారు? బర్రెను కొనుక్కోమంటారు, లోను ఇప్పిస్తామంటారు. బర్రె మన ఇంట్లో ఉండొచ్చు, పాలు మాత్రం వాళ్ల క్యాన్‌లో పడకూడదు. ఇది ఒక ఊరి గోడు కాదు. పదకొండు రాష్ట్రాల్లో 565 ఊర్లు తిరిగి చేసిన సర్వే ఒకటి 2006లో పుస్తకంగా వచ్చింది. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, ఇంకా ఇద్దరు కలిసి రాసినారు. ఆ ఊర్లలో దాదాపు సగం చోట్ల దళితుల పాలు సహకార సంఘానికి పోయకుండా అడ్డుకుంటున్నారని అందులో తేలింది. మూడింట ఒక వంతుకు పైగా ఊర్లలో స్థానిక బజారులో అమ్ముకోనివ్వలేదు. ఆ తర్వాత కాలం మారింది, కొన్ని చోట్ల మార్పు వచ్చింది, నేను కాదనను. కానీ మీ ఊర్లో మారిందా లేదా అనేది మీకంటే ఎవరికి తెలుసు? లోను కాగితం మీద వేలిముద్ర వేసేముందే ఈ ప్రశ్న అడగండి. పాలు ఎవరు పోయించుకుంటారో తెలియకుండా బర్రె తెచ్చుకుంటే, బర్రె గడ్డి తింటుంది, వడ్డీ మనల్ని తింటుంది.

నేను చూసినంతలో చేతి పనికి అంటు తక్కువ, నోటి పనికి అంటు ఎక్కువ. మనం కుట్టిన జాకెట్టు వేసుకుంటారు. మనం కుట్టిన బొంత కప్పుకుంటారు. మనం కట్టిన పొరకతో దేవుడి గది కూడా ఊడుస్తారు. మనం తట్టిన రొట్టె మాత్రం గొంతు దిగదు. పత్తి విడిపించేది మన చెయ్యి, కలుపు తీసేది మన చెయ్యి, జొన్న కోసేది మన చెయ్యి. పిండి అయ్యేదాకా లేని మైల, రొట్టె అయినాక యాడ నుంచి వస్తుందో ఎవరూ చెప్పరు.

అయితే దారి లేదా అంటే ఉంది. ఊరు కొనకపోతే పట్నం కొంటుంది. పక్కనే కర్నాటకలో కలబురగి ఉంది. 1953 దాకా మన ఆదోని కూడా బళ్లారి జిల్లాలోనే ఉండేది, జొన్న రొట్టె రుచి మనకొకటి వాళ్లకొకటి కాదు. అక్కడ మహిళా సంఘాలు జొన్న రొట్టెలు చేసి "కలబురగి రొట్టె" అని ఒకే పేరు మీద అమ్ముతాండాయి. ఫోనులో కూడా ఆర్డర్లు తీసుకుంటాండారు. ప్యాకెట్టు మీద ఊరి పేరు ఉంటుంది, తట్టిన చెయ్యి ఏ వాడదో ఉండదు. ఆదోని చిన్న ఊరు కాదు. పత్తి మార్కెట్టు ఉంది, జిన్నింగు మిల్లులున్నాయి, రైలు స్టేషనుంది, ఆస్పత్రులున్నాయి, హాస్టళ్లున్నాయి. పొద్దున పూట పత్తి బండ్లతో వచ్చిన రైతు, హమాలీ, మిల్లు కూలి, వీళ్లందరూ రొట్టె తినేవాళ్లే. పది ఊర్ల నుంచి పదిమంది విడివిడిగా గంపలెత్తుకొని వస్తే ఒకరి రేటును ఒకరు దించుకుంటారు. పది ఊర్లు ఒక్క పేరుతో వస్తే రేటు మనం చెప్తాము.

కులం దాచిపెట్టి అమ్ముకోవాల్నా అని కొందరు చెల్లెండ్లు అడుగుతారు. ఒక్కదానివే బతుకుతెరువు కోసం దాచినావంటే నేను తప్పు పట్టను, కడుపు ముందు. కానీ సంఘంగా పెట్టుకున్నప్పుడు దాచొద్దంటాను. దాచిన పేరు బయటపడిన రోజు వ్యాపారమూ పోతుంది, తల కూడా దించుకోవాల. 2003లో మన రాష్ట్రంలో బడుల్లో మధ్యాహ్న భోజనం పెట్టినప్పుడు వంట పని ఊరి మహిళా సంఘాలకు ఇచ్చినారు. దళిత ఆడవాళ్లు వండుతారంటే గొడవ చేసిన ఊర్లు ఉన్నాయి. అయినా పేరు దాచకుండా గరిటె పట్టుకున్న అక్కలు ఉన్నారు. అక్కడ పిల్లోళ్లు తిన్నారు, అరగకుండా పోలేదు.

బీడీల సంగతి ఒకటి చెప్పాల. ఆ పని చేయమని నేను చెప్పను, పొగాకు దుమ్ము రొమ్ము పాడుచేస్తుంది. కానీ ఇంటికాడ కూర్చొని చేసే పనిలో హక్కు ఎట్ల సంపాదించుకోవాలో నేర్పింది బీడీ చుట్టిన ఆడవాళ్లే. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చినప్పుడు, ఇంట్లో చుట్టేవాళ్లు కూడా కార్మికులే అని అందులో రాయించుకున్నారు. కంపెనీల వాళ్లు ఊరుకుంటారా? "మా కార్ఖానాలో పని చేయడం లేదు, మాకు సంబంధం లేదు, పి.ఎఫ్. కట్టం" అని సుప్రీంకోర్టు దాకా పోయినారు. 1985లో కోర్టు వాళ్ల మాట కొట్టేసింది. ఇంట్లో చుట్టినా నీ సరుకే, నచ్చని బీడీలు తీసేసే అధికారం నీదే, కాబట్టి వాళ్లు నీ ఉద్యోగులే అని చెప్పింది. ఆ పి.ఎఫ్. నంబరు ఉన్నందుకే తర్వాత తెలంగాణలో బీడీ కార్మికులకు నెల నెలా పింఛను ఇచ్చేటప్పుడు వాళ్ల పేర్లు దొరికినాయి. మొదట వెయ్యి రూపాయలు ఇచ్చినారు, 2019లో 2016 రూపాయలు చేసినారు. పేరు రాసి ఉంది కాబట్టి డబ్బు వచ్చింది. మన చింతపండు కొట్టే అక్క పేరు, శనక్కాయలు ఒలిచే అవ్వ పేరు ఏ పుస్తకంలో ఉంది?

1948 కనీస వేతనాల చట్టంలోనే, సరుకు తీసుకుపోయి బయట పని చేసి ఇచ్చేవాళ్లు కూడా ఉద్యోగులే అని రాసి ఉండేది. దశాబ్దాల పాటు ఆ ముక్క ఉందని మనకెవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ పాత చట్టాలన్నీ పోయి నాలుగు లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చినాయి. సామాజిక భద్రత కోడ్‌లో "ఇంటి ఆధారిత కార్మికులు" అనే మాటైతే పెట్టినారు. మాట పెట్టడం వేరు, ఇవ్వడం వేరు. 1996లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పని మీద 177వ ఒప్పందం చేసింది, ఇంటి పనివాళ్లను మిగతా కూలీలతో సమానంగా చూడాలని. మన దేశం ఇంతవరకు దాన్ని ఆమోదించలేదు.

అడ్వాన్సు సంగతి కూడా జాగ్రత్త. సుగ్గికి పోయేటప్పుడు మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు ఎట్ల మెడకు చుట్టుకుంటుందో మనకు తెలుసు. అదే తాడు ఇప్పుడు ఇంటి పనిలోకి కూడా వస్తాంది. మిషను కొనిస్తా, నాకే కుట్టి ఇవ్వు, అప్పు తీరేదాకా ఇంకొకరికి కుట్టొద్దు అంటారు. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల కట్టడాల కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస కూలి కంటే తక్కువ ఇచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే అని తేల్చింది. ఎవరూ కర్ర పట్టుకొని నిలబడకపోయినా, ఆకలి నిలబెట్టినా అది బలవంతమే అన్నారు. ఇది గుర్తు పెట్టుకోండి. ఏజెంటు ముందర ఒకసారి చదివి వినిపించండి.

ఇంక ఫోను. చదువుకున్న మన ఆడపిల్లలు దీనికే ఎక్కువ మోసపోతాండారు. "ఇంట్లో కూర్చొని పెన్సిళ్లు ప్యాక్ చేయండి, నెలకు ముప్పై వేలు" అని వాట్సాప్‌లో వస్తుంది. ఫొటోలో పేరున్న కంపెనీ గుర్తు ఉంటుంది. ముందు రిజిస్ట్రేషన్ అని కొంత కట్టమంటారు, తర్వాత గుర్తింపు కార్డుకు, తర్వాత కొరియర్‌కు. పెన్సిళ్లు ఎప్పటికీ రావు. పెన్సిలు ప్యాక్ చేసే మిషన్లు కంపెనీలో ఉంటాయి తల్లీ, వాళ్లకు నీ గుడిసె అవసరం లేదు. ఇంకో రకం ఉంది. వీడియోలకు లైకులు కొడితే డబ్బులంటారు. మొదట నూట యాభయ్యో రెండొందలో నిజంగానే వేస్తారు, నమ్మకం కుదిరినాక వేలు కట్టించుకుంటారు. పని ఇచ్చేవాడు మనకు డబ్బు ఇయ్యాల, మన దగ్గర తీసుకోకూడదు. తీసుకున్నాడంటే అది పని కాదు.

వీటన్నిటికంటే చెడ్డది బ్యాంకు ఖాతా అద్దెకివ్వడం. "నీ ఖాతా, సిమ్ము ఇస్తే చాలు, కమీషను ఇస్తాం" అని మగపిల్లోళ్లను పట్టుకుంటాండారు. దొంగ సొమ్ము ఆ ఖాతాలో నుంచి పోతుంది, పోలీసులు మొదట వచ్చేది ఖాతా పేరున్నవాడి ఇంటికే. మన వాడ పిల్లోడిని ఠాణాలో ఎట్ల చూస్తారో మీకు నేను చెప్పనక్కర లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. సిగ్గుపడి మూడు రోజులు దాచిపెట్టొద్దు.

అన్నలకు ఒక మాట. ఆమె ఇంటికాడ సంపాదించే నాలుగు రూపాయలు చూసి చేన్లో కూలి రేటు అడగడం మానొద్దు. "మీ ఇంట్లో ఆడోళ్లు కూడా సంపాదిస్తున్నారు కదప్పా" అని రైతు అంటాడు, రెండు కూలీలను కలిపి ఒక్క కూలి చేస్తాడు. ఇంకోటి, ఆమె రాత్రి కుట్టు మిషను ముందర కూర్చున్నప్పుడు గిన్నెలు కడిగితే మగతనం ఏమీ అరిగిపోదు. నవ్వుతాండారు. నవ్వండి గానీ కడగండి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఇంటి పని తెచ్చుకునే ప్రతి అక్కా నూరు పేజీల నోటు పుస్తకం ఒకటి పెట్టుకోవాల. తేదీ, సరుకు ఎవరు దించినారు, ఎంత తూకం, ఎంతమంది కూర్చున్నారు, ఎన్ని గంటలు, ఎంత ఇచ్చినారు, ఎంత కోత కోసినారు. రాయడం రాకపోతే బడికి పోయే పిల్లతో రాయించండి, గింజ తీయించొద్దు, లెక్క రాయించండి. తూకం మన కాటా మీద కూడా వేయండి. 16 నుంచి 59 ఏండ్ల లోపు వాళ్లు ఈ-శ్రమ్‌లో పేరు రాయించుకోండి. 2021 నుంచి ఆ కార్డు ఇస్తాండారు. ఆధార్, దానికి కలిపిన ఫోను నంబరు, బ్యాంకు పుస్తకం పట్టుకొని సచివాలయానికి గానీ మీసేవకు గానీ పోండి. పని దగ్గర "గృహిణి" అని రాసుకుంటే ఒప్పుకోవద్దు, చేసే పని పేరు చెప్పి రాయించండి.

రెండు నెలల పుస్తకాలు చేతికొచ్చినాక ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి దిక్కు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తాము. ఒకే సావుకారి ఒకే సరుకుకు ఏ ఊర్లో ఎంత ఇస్తాండాడో అప్పుడు బయటపడుతుంది. ఆ కాగితం తీసుకొని లేబర్ ఆఫీసుకు పోదాం. పుస్తకం తెచ్చేవాళ్లు పేర్లు ఈ రోజే ఇచ్చి పోండి. బయట చెట్టు కింద మన చెల్లెండ్లు బల్ల వేసుకొని కూర్చున్నారు.